మా ఊరి సున్నం, వాళ్ళ తెల్ల వైను

ముందే ఒక మనవి. ఇది తాగమని చెప్పే టపా కాదు. తాగొద్దని చెప్పే టపా అంతకన్నా కాదు. ఆరోగ్యం మీద ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు (వారానికి ఐదు రోజులు కుర్చీకి అతుక్కుపోయి, ఆరో రోజు నడుం నెప్పి అని మూలిగే జాతి మనది). నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఇటలీవాడు తన ఊరి పానీయాన్ని ఎట్లా చూసుకుంటున్నాడు, మనం మన ఊరి పానీయాన్ని ఎట్లా చూస్తున్నాం అని. మధ్యలో కాస్త కెమిస్ట్రీ, కాస్త చరిత్ర, కాస్త కడుపుమంట ఉంటాయి. ఓపికున్నవాళ్ళు చదవండి.

మాది పిడుగురాళ్ల. హైదరాబాదు నుంచి నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద ఒంగోలు, నెల్లూరు వైపు వెళ్ళేవాళ్ళకి మా ఊరు తెలిసే ఉంటుంది. దాచేపల్లి దాటాక రోడ్డు పక్క చెట్లు, రేకుల షెడ్లు, ప్రహరీ గోడలు, చివరికి గేదెలు కూడా తెల్లబడటం మొదలైందంటే మా ఊరు వచ్చినట్టే. సున్నపు బట్టీలు, ముగ్గు మిల్లులు. మా నేల కిందంతా సున్నపురాయి. దాన్ని బొగ్గుతో కలిపి బట్టీలో తొమ్మిదొందల డిగ్రీల దాకా కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగుల్తుంది. ఆ సున్నమే మా ఊరికి అన్నం పెట్టింది, ఆ దుమ్మే దగ్గూ తెప్పించింది. దాదాపు రెండువేల ఏళ్ళ కిందట అమరావతి స్తూపానికీ, నాగార్జునకొండ శిల్పాలకీ వాడింది కూడా ఈ పల్నాటి సున్నపురాయే. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఆ శిల్పాల ముందు నిలబడి "ఇది మా వైపు రాయండీ" అని పక్కనున్న తెల్లవాళ్ళకి చెప్పాలని తెగ తహతహలాడాను. ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి :)

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సున్నపురాయి పేరు చెప్పుకుని వైను అమ్ముకునే ఊరొకటి చూశాను కాబట్టి.

సొవావె అనే ఊరు

2011లో ప్రాజెక్టు పని మీద ఐదు నెలలు ఇటలీలో వెరోనాలో ఉన్నాను. అక్కణ్ణుంచి తూర్పుగా పాతిక కిలోమీటర్లు వెళ్తే సొవావె అనే చిన్న ఊరు వస్తుంది. ఊరి చుట్టూ పాత గోడ, గుట్ట మీద కోట, వాలంతా ద్రాక్షతోటలు. ఆ ఊరి పేరే వైను పేరు కూడా. తెల్ల వైను. గర్గానెగ అనే ద్రాక్ష కనీసం 70 శాతం ఉంటేనే ఆ పేరు పెట్టుకోవాలి. మిగతా దాంట్లో ఏయే రకాలు కలపొచ్చో కూడా రూలు ఉంది. 1931లోనే అక్కడి ప్రభుత్వం ఆ ప్రాంతానికి హద్దులు గీసింది. 1968లో డీఓసీ హోదా ఇచ్చింది, అంటే "ఈ పేరు ఈ నేలది, ఇంకెవడూ వాడటానికి వీల్లేదు" అని చట్టం. 2001లో అందులోని మేలురకానికి అంతకన్నా పై హోదా కూడా వచ్చింది.

మా క్లయింటు మేనేజరుది ఆ పక్క పల్లెటూరే. ఓ శనివారం మా టీముని మొత్తం తోలుకెళ్ళాడు. తోటలో వంగి ఓ తెల్లరాయి తీసి చేతిలో పెట్టి, "పడమటి వైపు గుట్టలు ఇట్లా సున్నపురాయి. తూర్పు వైపువి నల్లవి, పాత అగ్నిపర్వతాల రాయి. ఒకే ద్రాక్ష, ఒకే ఎండ. కానీ రెండు వైన్లూ ఒకటి కావు" అన్నాడు. రాయి రుచి నేరుగా వేళ్ళలోంచి గ్లాసులోకి వచ్చేస్తుందంటే శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. నేలలో నీళ్ళు నిలుస్తాయా జారిపోతాయా, వేరు ఎంత లోతుకి పోతుంది, కాయ ఎంత నిదానంగా పండుతుంది అన్నవి రుచిని మారుస్తాయి, రాయి వాటిని మారుస్తుంది. అంతే. కానీ నాకు ఆ క్షణాన ఇంత శాస్త్రం తట్టలేదు. "మా ఊళ్ళో అయితే ఈ రాయిని ఈపాటికి కాల్చేసి, బస్తాకెత్తి, లారీ ఎక్కించేసేవాళ్ళం" అనిపించింది.

అక్కడ తీగల్ని పందిళ్ళ మీదకి పాకిస్తారు. దానికి పెర్గోలా అని పెద్ద పేరు ఉంది గానీ చూడ్డానికి మా అమ్మమ్మ పెరట్లో బీరపాదుకి వేసిన పందిరికి అన్నయ్య వరస. ఇంకో వింత, రెచోతో అనే తియ్యటి వైను కోసం కోసిన గుత్తుల్ని కొన్ని నెలలపాటు చాపలమీద ఆరబెడతారు. కాయ ముడుచుకుపోయి తీపి చిక్కబడ్డాక అప్పుడు పిండుతారు. మిరప కల్లాల్లో కాయలు ఎండబోసి, మబ్బు పడితే పట్టాలు కప్పడానికి పరిగెత్తిన నాబోటివాడికి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. పంట ఏదైనా రైతు ఆకాశం వంకే చూడాలి కదా.

ఏ కూరకి ఏ వైను

సొవావె వైను తాగితే నిమ్మతొక్క వాసన, తెల్లపూల వాసన, చివర్లో బాదంపప్పు చేదు లాంటిది సన్నగా తగుల్తాయి. పక్కనే గార్దా సరస్సు చేపలు, రిసోట్టో అనే జావలాంటి వెన్న అన్నం, వసంతంలో వచ్చే తెల్ల ఆస్పరాగస్, ఎండబెట్టిన కాడ్ చేపని పాలల్లో ఉడికించి చేసే బక్కలా.. వీటితో తాగుతారు. అన్నీ తెల్లగా, చప్పగా, మెత్తగా ఉండే తిండ్లు. ఆ చప్పదనంలోకి వైను పులుపు వచ్చి కలిస్తే బాగుంటుంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. వాళ్ళ వంటా, వాళ్ళ వైనూ వందల ఏళ్ళుగా ఒకదాన్ని చూసుకుని ఒకటి పెరిగాయి.

మరి మన తిండితో? దీనికి పెద్ద పరిశోధనే చేశాం. మా అపార్టుమెంట్లో ఓ రాత్రి గోంగూర మాంసం వండి, అదే సీసా తెరిచాం. రెండో ముద్దకే నోరు భగ్గుమంది. ఇంట్లో తిన్నదానికన్నా ఎక్కువ కారం వేసిందేమీ లేదు. వంటవాణ్ణి తిట్టబోయాం గానీ తప్పు వాడిది కాదు, వైనుది.

కారణం ఏమిటంటే, మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ మన నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకానికి అతుక్కుంటుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా ఇచ్చారు. అంటే కారం అనేది అసలు రుచే కాదు, "మంట అంటుకుంది" అని నాలుక మెదడుకి పంపే తప్పుడు అలారం. మామూలుగా ఆ గ్రాహకం 42, 43 డిగ్రీల వేడి దగ్గర మోగుతుంది. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీల దగ్గరే మోగడం మొదలెడుతుంది. మన ఒళ్ళే 37 డిగ్రీలు! కాబట్టి గుంటూరు కారం మీద 12, 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైను పోస్తే మంట మీద కిరసనాయిలు పోసినట్టే. విస్కీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అయితే కారానికి జోడీ కుదిరే పానీయం ఎట్లా ఉండాలి? ఆల్కహాల్ తక్కువ ఉండాలి. కొంచెం తీపి ఉండాలి. కొంచెం పులుపు ఉండాలి. చల్లగా ఉండాలి. ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని చూస్తే నాకు నవ్వొచ్చింది. ఇది ఏ యూరపు వైనో కాదు, పొద్దున పూట తాటికల్లు.

(మా ప్రాంతపు తిండికి మొట్టమొదటి చెడ్డ రివ్యూ ఇచ్చింది శ్రీనాథుడు. పల్నాటికి వచ్చి జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని ఆయన పేర చాటువులున్నాయి. పాపం ఆయనది పదిహేనో శతాబ్దం. మిరపకాయ పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది ఆ తరవాత. ఎర్రకారం, పచ్చి ఉల్లిపాయ లేకుండా జొన్నన్నం తినమంటే నేనైనా పద్యాలు రాద్దును.)

కల్లు లొట్టిలో సున్నం

కల్లు గురించి మన సాఫ్ట్‌వేర్ జనాభాలో చాలామందికి తెలిసింది తక్కువ. ఊరికెళ్ళినప్పుడు ఫోటో దిగడానికి తాగేవాళ్ళు కొందరు, వాసన పడక పక్కకి పోయేవాళ్ళు కొందరు. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

తాటిచెట్టు గెల కొసని పల్చగా చెక్కుతుంటే తియ్యటి నీరు చుక్క చుక్కగా కారుతుంది. పోతుతాడు అయినా పండుతాడు అయినా గీస్తారు. గెలకి లొట్టి కడతారు. రోజుకి రెండు మూడు సార్లు చెట్టెక్కి కొసని మళ్ళీ మళ్ళీ చెక్కాలి, లేకపోతే గాయం మూసుకుపోయి నీరు ఆగిపోతుంది. మోకు నడుముకేసుకుని, కత్తులు కట్టుకుని, మానుని కాళ్ళతో పట్టుకుని ఎక్కడం. పది చెట్లున్న మనిషి రోజుకి ఇరవై, ముప్ఫై ఎక్కుళ్ళు ఎక్కుతాడు. తాటిచెట్టు గీతకి రావడానికి పదిహేనేళ్ళు అటూ ఇటూ పడుతుంది. ఇవాళ గింజ పాతినవాడు కొడుకు కోసం పాతుతున్నట్టు లెక్క.

కారిన నీరు లొట్టిలో పడ్డ క్షణం నుంచే గాలిలో, లొట్టిలో ఉన్న ఈస్టులు పని మొదలెడతాయి. ఎవరూ ఈస్టు కలపక్కర్లేదు. పొద్దున దించినప్పుడు తీపి, కొంచెం నురగ. మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది. సాయంత్రానికి ఘాటు. రెండో రోజుకి సిరకా. ఆల్కహాల్ నాలుగైదు శాతం దగ్గర ఉంటుంది, అంటే బీరంత. సొవావె సీసా సముద్రాలు దాటి వస్తుంది. కల్లు మాత్రం పక్క మండలానికి పోయేలోపే వేరే మనిషైపోతుంది. ఆ చెట్టుది ఆ పూటది ఆ ఊళ్ళోనే తాగాలి. వైనువాళ్ళు నేల మహిమ అని పుస్తకాలు రాస్తారే, కల్లులో అది గంటల లెక్కన ఉంటుంది.

దీంతో తినేవి కూడా దీనికి తగ్గట్టే ఉంటాయి. మా వైపు ఎండుచేపలు కాల్చి నంజుకోవడం, మిరపకాయ బజ్జీలు, ఉప్పు కారం చల్లిన శనగ గుగ్గిళ్ళు, బోటీ వేపుడు, కోడికూర. తెలంగాణలో గుడాలు. తాటాకు రేక వంచి అందులో పోసుకుని తాగుతుంటే లేత ఆకు వాసన కూడా కలుస్తుంది. ఇన్ని గ్లాసుల ఆకారాలు కనిపెట్టిన వైనువాళ్ళకి ఈ ఒక్క ఆలోచనా రాలేదు :)

ఇక్కడే మా ఊరి సున్నం వస్తుంది. లొట్టి లోపలంతా సున్నం పూసి చెట్టుకి కడితే పులియడం ఆగిపోతుంది. క్షారంలో ఈస్టులు పనిచెయ్యలేవు. అప్పుడు దిగేది కల్లు కాదు, నీరా. చిన్నపిల్లలు కూడా తాగొచ్చు. దాన్ని కాచితే తాటిబెల్లం. అంటే ఒకే చెట్టు, ఒకే గెల, ఒకే మనిషి. మత్తుకీ బెల్లానికీ మధ్య ఉన్నది వేలెడు సున్నం పూత మాత్రమే. ఈ విషయం నాకు చెప్పింది ఒక గీత కార్మికుడు, మా స్నేహితుడి తండ్రి. "సున్నం ఎక్కణ్ణుంచి తెస్తావు బాబాయ్?" అని అడిగితే, "ఎక్కణ్ణుంచేందబ్బాయ్, మీ బట్టీల కాడ్నించే. మీ ఊరి సున్నం లేకపోతే మా నీరా లేదు" అన్నాడు. ఫ్రాన్సులో ద్రాక్షతోటల తెగులుకి మైలుతుత్తం, సున్నం కలిపి చల్లే బోర్డో మిశ్రమాన్ని 1880లలో కనిపెట్టారు. ఆ మందు ఇవాళ మన తోటల్లోనూ కొడుతున్నారు. ద్రాక్షకీ తాటికీ ఇద్దరికీ సున్నమే కాపలా అన్నమాట.

ఇద్దరు కొడుకులు

ఇప్పుడు అసలు విషయం. ఆ బాబాయ్ కొడుకు నాతోపాటు వెరోనా వచ్చిన టీములో ఉన్నాడు. మా పక్క ఊరివాడే. నాకన్నా మంచి ఇంజనీరు (ఇప్పటికీ).

సొవావె వెళ్ళిన ఆ శనివారం సాయంత్రం భోజనాల దగ్గర మా మేనేజరు పర్సులోంచి ఓ నలుపు తెలుపు ఫోటో తీసి చూపించాడు. ద్రాక్ష గంప వీపున మోస్తున్న మనిషి. "మా తాత. జీవితమంతా ఈ గుట్ట మీదే తీగలు కత్తిరించాడు. చదువు లేదు. మాకున్న రెండెకరాలు ఆయన కష్టమే" అన్నాడు. చెప్తుంటే ఆ గొంతులో గర్వం చూడాలి. టేబులు చుట్టూ ఉన్నవాళ్ళు గ్లాసులు పైకెత్తారు. తరవాత మావైపు తిరిగి, "మీ పెద్దవాళ్ళు ఏం చేసేవాళ్ళు?" అని అడిగాడు. నేను మిరప, పత్తి అని చెప్పాను. మావాడి వంతు వచ్చింది. వాడు "అగ్రికల్చర్" అన్నాడు, అంతే. మాట మార్చేశాడు.

తిరుగు రైల్లో నేనేమీ అడగలేదు. వాడే చెప్పాడు. "ఏరా, మా నాన్న కల్లు గీస్తాడని చెప్తే ఆ ఇటలీవాడు ఏమనుకుంటాడు? ఎగిరి గంతేస్తాడు. ఫోటో ఉందా అని అడుగుతాడు. నేను దాచింది వాళ్ళ దగ్గర కాదురా. మన బల్ల మీద మనవాళ్ళు ఇంకో నలుగురున్నారు చూడు, వాళ్ళ దగ్గర."

ఇంతకన్నా నేను రాయగలిగింది ఏమీ లేదు. అక్కడ ద్రాక్ష కోసినవాడి మనవడికి తాత ఫోటో పర్సులో ఉండే వస్తువు. ఇక్కడ చెట్టెక్కినవాడి కొడుక్కి తండ్రి పని దాచుకునే విషయం. చేసిన పని ఒక్కటే, చెట్టు రసాన్ని పానీయంగా మార్చడం. పైగా ద్రాక్ష కోసేవాడు నేల మీద నిలబడతాడు. మావాడి తండ్రి యాభై అడుగుల ఎత్తున గాలిలో నిలబడ్డాడు. రెండుసార్లు పడ్డాడు. రెండోసారి నడుం పోయింది, ఇంక ఎక్కలేదు. ఆ చెట్ల మీద వచ్చిన డబ్బుతోనే కొడుకు బీటెక్ చేశాడు.

"కులం మాట ఎందుకండీ ఇప్పుడు" అంటారని తెలుసు. నేను తేలేదు, అది ఆ బల్ల మీద ముందే కూచుని ఉంది. మన పార్టీల్లో సింగిల్ మాల్ట్ గురించి పావుగంట మాట్లాడేవాడు నాగరికుడు, కల్లు గురించి మాట్లాడేవాడు మోటు. సీసా మీద లేబులు ఉందా లేదా అన్నదే తేడా అనుకుంటాం గానీ, లేబులు కన్నా ముందు మనిషిని చూస్తాం మనం.

కల్తీ సంగతేమిటి?

"అవన్నీ సరేగానీ, కల్లంటే కల్తీ కదా" అంటారు. నిజమే. హైదరాబాదులో చాలా కల్లు దుకాణాల్లో అమ్మింది చెట్టు నుంచి దిగిందే కాదు. నీళ్ళు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రాజొలామ్ లాంటి మత్తుమందులు. 2004లో నగరంలో కల్లు దుకాణాలు మూసేశారు. 2014లో తెలంగాణ వచ్చాక మళ్ళీ తెరిచారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. మనలో సగం మంది అద్దెకుండే కూకట్‌పల్లే. చనిపోయినవాళ్ళు మన అపార్టుమెంట్లు కట్టిన కూలీల లాంటివాళ్ళు. నగరంలో అంత కల్లు దిగడానికి అన్ని చెట్లు ఎక్కడున్నాయని ఎవరైనా ఒక్కసారి లెక్కేస్తే చాలు, మోసం తెలిసిపోతుంది. ఎవరూ లెక్కెయ్యలేదు.

ఇటలీవాళ్ళు పుట్టుకతోనే శుద్ధులనుకోకండి. 1986 మార్చిలో అక్కడ చవక వైనులో ఘాటు పెంచడానికి మిథనాల్ కలిపారు. ఇరవైమందికి పైగా చచ్చిపోయారు, కొందరికి చూపు పోయింది. ఇటలీ వైను కొనేవాళ్ళు భయపడి పారిపోయారు, ఎగుమతులు పడిపోయాయి. అప్పుడు వాళ్ళు ఏం చేశారు? వైను మానెయ్యలేదు. తనిఖీలు బిగించారు, చట్టాలు మార్చారు, ఎక్కువ పండించడం కన్నా మంచిది పండించడం మీద పడ్డారు. సొవావె కూడా ఒకప్పుడు పేరు పాడుచేసుకున్నదే. అమెరికాలో గిరాకీ ఉందని చదునునేలల్లో గుట్టలు గుట్టలుగా పండించి నీళ్ళలాంటి వైను అమ్మారు. తరవాత గుట్ట మీది తోటలవాళ్ళు పట్టుబట్టి పరువు తిరిగి తెచ్చుకున్నారు. 2018లో ఆ పాత తోటల్ని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

కల్తీ వచ్చినప్పుడు వాళ్ళు కల్తీ చేసినవాణ్ణి వెతికారు. మనం చెట్టెక్కేవాణ్ణి అనుమానిస్తున్నాం. చెట్టు దగ్గర నిలబడి తాగితే కల్తీకి చోటెక్కడిది? చెట్టుకీ దుకాణానికీ మధ్యనున్న దారి పొడుగయ్యే కొద్దీ కల్తీ పెరుగుతుంది.

ఇంకో అభ్యంతరం ఉంది, అది నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. మా అమ్మది. "తాగుడు వల్ల ఎన్ని కొంపలు మునిగాయో చూసినదాన్ని, నువ్వు దానికి వెనకేసుకొస్తావా" అంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. దాని ఫలితంగానే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో అది ఎత్తేశారు. ఆ ఆడవాళ్ళ కోపం న్యాయమైనది. నేనేమీ కల్లు అమృతం అనడంలేదు. నాలుగైదు శాతం అయినా ఆల్కహాల్ ఆల్కహాలే. నా వాదన తాగుడు గొప్పదని కాదు. తాగేవాళ్ళు ఎట్లాగూ తాగుతున్నారు, ఆ డబ్బు పొలం గట్టున చెట్టెక్కేవాడికి పోవాలా, ఎక్కడో స్పిరిట్‌కి రంగు కలిపే ఫ్యాక్టరీకి పోవాలా అన్నదే నా ప్రశ్న.

మరేం చెయ్యాలి?

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనను. తెలంగాణలో 2021 నుంచి మద్యం దుకాణాల్లో 15 శాతం గౌడలకి కేటాయించారు. ఆంధ్రలో కూడా 2024లో వచ్చిన కొత్త మద్యం విధానంలో గీత కులాలకి పది శాతం దుకాణాలన్నారు. మంచిదే. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. గీత కార్మికుడికి మనం ఇచ్చిన గౌరవం ఏమిటి? "నువ్వు చెట్టు దిగి, విస్కీ అమ్ముకో" అని. సొవావె రైతుకి అక్కడి ప్రభుత్వం "వైను మానేసి కోలా ఏజెన్సీ పెట్టుకో" అంటే ఎట్లా ఉంటుంది?

నాకు తోచినవి కొన్ని రాస్తాను:

1. చెట్టెక్కేవాడి ప్రాణం ముందు. 2024 జూలైలో తెలంగాణలో కాటమయ్య రక్షణ కవచం అని తాళ్ళు, బెల్టులున్న కిట్లు ఇవ్వడం మొదలెట్టారు. ఇది రెండు రాష్ట్రాల్లో ప్రతి చెట్టెక్కేవాడికీ అందాలి. మన ఆఫీసులో కుర్చీ సరిగ్గా లేకపోతే మెయిలు పెడతాం మనం.

2. నీరాకి సరైన దారి. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్ తెరిచారు. ఒక్కటి సరిపోదు. నీరా చల్లగా ఉంచితేనే నిలుస్తుంది, అంటే చెట్టు దగ్గర నుంచి గ్లాసు దాకా చల్లటి గొలుసు కావాలి. పాలకి అది చెయ్యగలిగాం, దీనికీ చెయ్యగలం. ఇది పూర్తిగా ఇంజనీరింగు సమస్య, మనలాంటివాళ్ళకి తగిన సమస్య.

3. పేరు. గోవావాళ్ళు జీడిమామిడి ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. గుంటూరు సన్నం మిరపకి కూడా అది ఉంది. ఉండి ఏం లాభం, కిరాణా కొట్లో కారం పొట్లం మీద ఏ ఊరి కాయో మీకు కనపడుతుందా? హోదా కాగితం మీద ఉంటే చాలదు, కొనేవాడు అడగాలి. ఇటలీలో మామూలు మనిషి కూడా సీసా తిప్పి ఊరి పేరు చూస్తాడు. అది ఒక్కరోజులో వచ్చిన అలవాటు కాదు.

4. తిండితో కలిపి. కేరళలో కల్లు షాపు అంటే ముందు గుర్తొచ్చేది అక్కడి చేపలకూర, కప్ప (కర్రపెండలం). కుటుంబాలతో వెళ్ళి తినేవాళ్ళున్నారు. తిండి ఉన్న చోట తాగుడు మర్యాదగా ఉంటుంది. మన కారానికి సరిగ్గా కుదిరే పానీయం మన చెట్టు మీదే ఉంటే, మనం దాన్ని ఊరి చివర తుమ్మచెట్ల చాటున పెట్టాం.

5. చెట్లు. రోడ్లకి, వెంచర్లకి, ఇటుక బట్టీలకి తాటిచెట్లు కొట్టేస్తున్నారు. ఇవాళ కొట్టిన చెట్టుకి బదులు ఇవాళే నాటినా పదిహేనేళ్ళు ఆగాలి. మన రిలీజు ప్లానులో అంత పొడుగు డెడ్‌లైను ఎప్పుడైనా చూశారా?

ఇవన్నీ జరిగినా, అసలు మారాల్సింది ఇంకొకటి ఉంది. అది ఏ జీవోతోనూ మారదు. మనం పదిమంది కూర్చున్న బల్ల దగ్గర ఒకడు "మా నాన్న కల్లు గీసేవాడు" అంటే, మిగతా తొమ్మిదిమంది మొహాల్లో ఏం కనపడుతుంది అన్నది. ఆ మొహాలు మనవే. దీనికి బడ్జెట్టూ అక్కర్లేదు, చట్టసవరణా అక్కర్లేదు.

మావాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఈమధ్య పెద్దదానికి స్కూల్లో ఫ్యామిలీ ట్రీ అని ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. తాతయ్య ఏం చేసేవాడు అని అడిగింది. వాడు ఏం చెప్పాడో నేను అడగలేదు. ఆ పిల్ల మాత్రం తాతయ్య బొమ్మ పక్కన ఓ పెద్ద తాటిచెట్టు గీసి, దాని మీద లొట్టి కూడా పెట్టిందని ఫోటో పంపాడు.

మీలో చాలామంది సంక్రాంతికి ఊళ్ళకి వెళ్తారు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. మీ ఊళ్ళో ఇంకా చెట్టెక్కేవాళ్ళు ఎంతమంది మిగిలారో లెక్కేసి, వాళ్ళల్లో ముప్ఫై ఏళ్ళలోపువాళ్ళు ఎంతమందో చూడండి. మా పక్క ఊళ్ళో నేను లెక్కేస్తే మొదటి అంకె నాలుగు, రెండోది సున్నా.